మెట్ల మలుపులో తీర్మానం

"ఏమండీ, మధ్యాహ్నానికల్లా మా నడుంనొప్పిని దేశంలో మొదటి స్థానంలో కూర్చోబెట్టి వస్తాను," అంది సైరనక్క, ఇస్త్రీ యూనిఫాం తొడుక్కుంటూ.

"నొప్పిని వదిలించుకుంటారు గానీ, కూర్చోబెడతారటే ఎవరైనా?" అన్నాడు భర్త.

ఆమె అంబులెన్సులో పారామెడిక్. గొంతును బట్టి అందరూ పెట్టిన పేరు సైరనక్క. పారామెడిక్ వృత్తి గురించి దేశంలో ముందుగా ఏ విషయాల మీద పరిశోధన జరగాలో తేల్చడానికి ఆ రోజు కమిటీ కూర్చుంటోంది. సిబ్బంది తరఫున ఆమెకు పిలుపొచ్చింది. రోగులను మెట్ల మీద మోసి మోసి, తనతో పనిచేసిన ఒకమ్మాయి ఉద్యోగమే మానేసింది. ఇప్పుడు కన్నబిడ్డను కూడా ఎత్తుకోలేకపోతోంది. ఆ సంగతి తేల్చుకునే వస్తానని అక్క పంతం.

లిఫ్టు పనిచేయడం లేదు. ఆమె పై అంతస్తుకు చేరేసరికి, అధ్యక్షుడైన ప్రొఫెసర్ గారు ఫోనులో గొంతు విని రోగం కనిపెట్టే యంత్రం గురించి ఊదరగొడుతున్నారు.

"నడుంనొప్పికి పరిశోధన ఎందుకమ్మా? జాగ్రత్తగా ఎత్తితే చాలదూ?" అన్నారాయన, ఆమె మాట పూర్తికాకుండానే.

"అయితే ఎత్తి చూపించండి సార్," అంటూ అక్క నేల మీద వెల్లకిలా పడుకుంది.

సరిగ్గా అప్పుడే టీ పట్టుకొచ్చిన ఆయా ఆ దృశ్యం చూసింది. "అమ్మో, మేడమ్ పడిపోయింది!" అని ట్రే వదిలేసి, బయటికి పరుగెత్తి అంబులెన్సుకు ఫోన్ చేసింది. కాగితాలు తడవకుండా కాపాడుకునే హడావుడిలో ఆ ఫోను సంగతి ఎవరి చెవినా పడలేదు. అక్క మాత్రం లేవలేదు. ఎవరో ఒకరు ఎత్తేదాకా కదలనని భీష్మించుకుంది.

వచ్చిన అంబులెన్సులో ఇద్దరూ ఆమె శిష్యులే.

"నాకేం కాలేదురా! పొండి!"

"అందరూ అలాగే అంటారు, నమ్మొద్దని నువ్వేగా అక్కా నేర్పావు," అన్నాడు శిష్యుడు, నాడి పట్టుకుని. "చూడు, ఎలా పరుగెడుతోందో!"

"అది కోపంరా!"

"మాట కూడా తేడాగా వస్తోంది," అంది శిష్యురాలు దిగులుగా.

క్షణాల్లో ఆమెను రోగులను మోసే కుర్చీలో కూర్చోబెట్టి బెల్టులు బిగించేశారు. మెట్లు చూస్తే ఇరుకు, అక్క చూస్తే నిండైన మనిషి. "ఒక చెయ్యి వెయ్యండి సార్," అని శిష్యుడు అనగానే ప్రొఫెసర్ గారు చొక్కా చేతులు మడిచారు.

"ఇందులో ఏముంది, జాగ్రత్తగా ఎత్తితే..."

మొదటి మలుపులో ఆ మాట ఆగిపోయింది. నడుం పట్టేసి, ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"కుర్చీ దించండి! బెల్టులు విప్పండి!" అక్క గొంతుకు మెట్లన్నీ మారుమోగాయి. ఈసారి ఎవరూ నాడి చూడలేదు, చెప్పింది చేశారు. ఆమె లేచి, ప్రొఫెసర్ గారిని పసిబిడ్డలా పొదివి పట్టుకుని, మెల్లగా అదే కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీవాళ్లు రోజూ ఇలాగే మోస్తారా అమ్మా?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"రోజూ సార్. ఇంతకన్నా ఇరుకు మెట్ల మీద." ఉద్యోగం మానేసిన ఆ అమ్మాయి సంగతి అప్పుడు చెప్పింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మాటకు ఎవరూ అడ్డు రాలేదు.

వెనకాలే దిగి వచ్చిన కమిటీ సభ్యులు కుర్చీని తలో వైపు పట్టుకుని పైకెత్తారు. ప్రొఫెసర్ గారు కళ్లు తుడుచుకున్నారు.

"పరిశోధనలో మొదటి ప్రశ్న నడుంనొప్పే. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

"కుర్చీ పట్టుకున్నవాళ్లు ఎత్తకండి!" అని అరిచింది సైరనక్క.

సమావేశ నివేదికలో మాత్రం ‘సుదీర్ఘ చర్చ అనంతరం’ అని రాశారు.