ఈ బస్సు వెళ్లదు

ఆ ఉదయం టెక్నీషియన్ అనుకున్నవి రెండే పనులు. పదికల్లా డిపోలోని ఇరవై నాలుగు బస్సుల బోర్డులకు తాళం వేయాలి. పదకొండుకు తనిఖీకి వచ్చే పెద్ద అధికారి చేత తన ఫైలు మీద సంతకం పెట్టించుకోవాలి. పదకొండేళ్లుగా ఆయన తాత్కాలిక ఉద్యోగి.

"ఈసారీ పర్మనెంటు చెయ్యకపోతే నేనే వచ్చి అడుగుతా," అంది భార్య, ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుడుతూ.

"నువ్వు రాకే తల్లీ. ఉన్నది కూడా ఊడుతుంది."

బస్సు నుదుటి మీద వెలిగే బోర్డు లోపల గోరంత ఫ్లాష్ మెమరీ చిప్పు ఉంటుంది. దాంట్లో గదుల్లాంటి బ్లాకులు, వాటిలో రూటు పేర్లు. డ్రైవర్లు తోచనప్పుడల్లా బటన్లు నొక్కేవారు. పేర్లు చెరిగిపోయేవి, కొత్తవి పుట్టుకొచ్చేవి. కిందటి వారం ఆస్పత్రి బస్సు "మా మరదలికి జన్మదిన శుభాకాంక్షలు" అని వెలిగించుకుని ఊరంతా తిరిగింది. మర్నాడు మరదలి భర్త డిపోకు వచ్చి వెళ్లాడు. ఇక ఎవరూ రాయకుండా, చెరపకుండా ప్రతి బ్లాకుకూ తాళం పడాల్సిందేనని మేనేజరమ్మ ఆజ్ఞ.

పద్ధతి ప్రకారం, ముందు అన్ని బ్లాకుల్లోనూ "ఈ బస్సు వెళ్లదు" అని రాసి పరీక్షించాలి. దాన్ని చెరిపి రూటు పేర్లు ఎక్కించాలి. ఆ తరవాతే తాళం. ఆఫీసు కంప్యూటరు నుంచి పరీక్ష ముగిసిందో లేదో, మేనేజరమ్మ కేక వినిపించింది.

"బాబాయ్! పెద్దసారు గంట ముందే వస్తున్నారట. తాళాలు పడ్డాయా?"

"పడుతున్నాయమ్మా!"

తాత్కాలిక తాళమా, శాశ్వత తాళమా అని కంప్యూటరు అడిగింది. తాత్కాలికమన్న మాట కంటబడితేనే ఆయనకు గిట్టదు. శాశ్వతం నొక్కాడు. "ఇక దీన్ని ఎవరూ, ఎప్పటికీ మార్చలేరు" అంది తెర. ఆయనకది దీవెనలా వినిపించింది.

రూటు పేర్లు ఎక్కించలేదని గుర్తుకొచ్చేసరికి బస్సులన్నీ గేటు దాటిపోయాయి. లోపల కూర్చున్న డ్రైవర్లకు తమ నుదుటి రాత తెలియదు.

మొదటి స్టాపులో జనం బోర్డు చదివి వెనక్కి తగ్గారు. ఒక ముసలావిడ మాత్రం డ్రైవరును నిలదీసింది.

"వెళ్లదని రాసుకుని వెళ్తున్నావేమిటయ్యా?"

"నేను రాయలేదు అవ్వా, ఎక్కు."

"ఎక్కాక, వెళ్లదని ముందే చెప్పాం కదా అంటారు. మీ సంగతి నాకు తెలీదూ!"

కండక్టరమ్మ దిగివచ్చి, సంచీ అందుకుని, ఆవిడను చెయ్యి పట్టి ఎక్కించింది. ఆ ట్రిప్పుకు దొరికిన ప్రయాణికురాలు ఆవిడొక్కతే.

"బస్సులు వెళ్లవట" అన్నది రెండో వీధిలో "సమ్మె చేస్తున్నారట" అయింది. మూడో వీధిలో యూనియన్ నాయకుడి చెవిన పడింది. తనతో మాటమాత్రమైనా చెప్పకుండా తన సమ్మె మొదలైనందుకు ఆయన నొచ్చుకున్నాడు. అయినా ఆగమేఘాల మీద డిపో గేటుకు చేరి, "మా కోరిక తీర్చాలి!" అని నినదించాడు. ఏ కోరికో వెంట వచ్చినవాళ్లకు తెలియదు. ఆయనకూ తెలియదు.

అంతలో, దారిలో బస్సుల మీది బోర్డులు చదువుతూ వచ్చిన పెద్ద అధికారి కారు ఆగింది.

"ఏం కావాలయ్యా మీకు?"

నాయకుడు చుట్టూ చూశాడు. మెట్ల మీద, పాలిపోయిన ముఖంతో, ఒళ్లో ఫైలుతో టెక్నీషియన్ కనిపించాడు. చటుక్కున ఆ ఫైలు లాక్కుని పైకెత్తాడు.

"ఇదే సార్!"

అధికారి చదివాడు. "ఒక్క మనిషి కోసం ఇరవై నాలుగు బస్సులు ఆపుతారా?"

"మా ఐకమత్యం అలాంటిది సార్."

"సార్, అసలు జరిగిందేమిటంటే..." అంటూ టెక్నీషియన్ లేచాడు.

"నువ్వు కూర్చో బాబాయ్! నీ కోసమేగా ఈ పోరాటం!"

మేనేజరమ్మ ఏదో చెప్పబోయింది. టెక్నీషియన్ చొక్కాకు మిగతావాటితో కలవని రంగు దారంతో కుట్టిన గుండీ కనబడి, అధికారికి తన పెన్ను అందించింది.

అధికారి కారు బానెట్ మీదే సంతకం చేశాడు. "సరే, సమ్మె అయిపోయింది. ఆ బోర్డులు మార్పించండి."

"మార్చలేం సార్," అన్నాడు టెక్నీషియన్.

"ఏం?"

"శాశ్వతం సార్."

నియామక పత్రం మర్నాడే వచ్చింది. కొత్త చిప్పులు వచ్చేదాకా ప్రతి బస్సుకూ ఒక పలక కట్టి, పొద్దున్నే సుద్దముక్కతో రూటు పేరు రాయడం, సాయంత్రం చెరపడం ఆయన విధి. తడిగుడ్డ ఉద్యోగే తెచ్చుకోవాలని కింద ప్రత్యేకంగా రాశారు.