ఖాళీ ఇంటికో ముసలమ్మ

ఆషాఢం మొదటి పొద్దున లక్ష్మీరాజం చేయదలచుకున్న పని చాలా చిన్నది. కొత్త ఇంటికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని, శ్రావణం వచ్చేదాకా నిమ్మళంగా కూర్చోవాలి. అంతే.

ఇల్లు సుల్తానాబాదులో, అతని పాత ఇంటిని ఆనుకునే ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన బెంగుళూరు పెంకులు. చూపు మందగించి పోగు కనబడడం మానేశాక మగ్గం అమ్మేశాడు, భార్య అనసూర్య కాళ్ల వెండి కడియాలూ అమ్మేశాడు, ఆ డబ్బంతా ఈ గోడల్లో పెట్టాడు. ఇకమీద ఇంటి కిరాయే ఇద్దరికీ తిండి. రైసుమిల్లుకు కొత్తగా వచ్చిన మేనేజరు రామచంద్రం ఇల్లు చూసి మెచ్చుకున్నాడు, కిరాయికి ఒప్పుకున్నాడు. కాకపోతే శూన్యమాసంలో సామాను దించనన్నాడు. నిజమే, ఆషాఢంలో ఎవరు మాత్రం కొత్త ఇంట్లో పాలు పొంగిస్తారు?

"కడియాలు నాయి, పెంకుల కింద పండుకునేది మేనేజరు పెండ్లాం" అని ఇల్లు కడుతున్నన్నాళ్లూ అనసూర్య అంటూనే ఉంది. లక్ష్మీరాజం వినబడనట్టు ఊరుకునేవాడు. కళ్లతోపాటు చెవులు కూడా పోయాయేమోనని ఆమె అనుమానం.

అతను తాళం వేస్తుండగా అంతయ్య వచ్చాడు. మూడు గదులు కిరాయికిచ్చి మూడింటి కిరాయిదారులతోనూ మాటలు లేని మనిషి ఆయన. ఎవరైనా కొత్తగా ఇల్లు కట్టారని తెలిస్తే సలహా ఇవ్వనిదే ఆయనకు అన్నం సయించదు.

"తమ్మీ, తాళమేస్తున్నవా? నీకేమన్న అకల్ ఉన్నదా?"

"ఏమైందన్నా?"

"ఏమైందంటవా! పంచాయతీ సమితి ఆఫీసు వచ్చినంక నౌకర్లకు ఇండ్లు దొరుకుతలేవు. కచ్చేరి గుమాస్త గల్లీ గల్లీ తిరుగుతుండు. తాళమున్న ఇల్లు కనవడ్డదంటే సర్కారు నౌకరును తెచ్చి దించుతడు. ఇగ వాళ్లిచ్చిందే కిరాయి. బదిలీ అయ్యేదాక నీ వాకిట్ల నువ్వే నిలవడి సలాం కొట్టాలె."

లక్ష్మీరాజం వేయబోయిన తాళాన్ని వెనక్కి తీసుకున్నాడు. "మరెట్లనే అన్నా?"

"ఫికర్ జేయకు. ఇంట్ల మనిషున్నట్టు కనవడాలె, గంతే. తలుపు లోపటి నుంచి గడియ పెట్టి, మీ పెరట్లకెల్లి వచ్చిపోన్రి. పొద్దుగాల సాన్పి చల్లి ముగ్గెయ్యున్రి. దండెం మీద చీరె ఆరాలె. పొయ్యిల పొగ రావాలె. గివి ఉంటె ఎవడూ లోపటికి తొంగి చూడడు."

మర్నాటి నుంచి అనసూర్యకు పని రెట్టింపైంది. తెల్లారక ముందే లేచి రెండు వాకిళ్లూ ఊడ్చి, పేడనీళ్లు చల్లి, రెండు ముగ్గులు వేయాలి. తన పాత చీర ఒకటి తడిపి కొత్తింటి దండెం మీద వేయాలి. ఆ తర్వాత పెరటి దారిన లోపలికి పోయి, తలుపులన్నీ మూసుకొని, వానకు నానిన కట్టెలతో పొయ్యి ముట్టించాలి. పొగ బాగా వచ్చేది. దాంతోపాటు ఆమెకు దగ్గు కూడా బాగా వచ్చేది.

ఎదురింటి పోశవ్వ ఆ దగ్గు విన్నది. "కొత్తింట్లకు ఎవలొచ్చిన్రు కొడుకా?" అని వీధిలో ఆపి అడిగింది. లక్ష్మీరాజం నోటికి వచ్చినట్టు ఏదో గొణిగి నేరుగా అంతయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"మీ పెద్దమ్మ వచ్చిందని చెప్పు" అన్నాడు అంతయ్య తడుముకోకుండా. "ఖానాపూర్ నుంచి. పేరు యాదవ్వ. పానం బాగలేదు, మంచం దిగది, మనుషులంటె సిగ్గు."

లక్ష్మీరాజానికి ఖానాపూర్‌లో పెద్దమ్మ లేదు. ఖానాపూర్ ఎటువైపు ఉందో కూడా అతనికి సరిగ్గా తెలియదు. అయినా చెప్పాడు.

పోశవ్వ మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ సాయంత్రమే మూత పెట్టిన గిన్నెలో మెత్తగా ఉడికిన జొన్నరవ్వ గటుక తెచ్చింది. మరునాడు మిరియాల చారు తెచ్చింది. లోపలికి వస్తానంటే "ఇప్పుడే కన్నంటుకున్నది పోశక్కా" అని అనసూర్య గడపలో అడ్డం నిలబడేది. గిన్నె ఖాళీ చేసి ఇవ్వకపోతే బాగుండదు కనుక ఆ పథ్యమంతా లక్ష్మీరాజమే తినేవాడు. కారం, పులుపు తగలక అతని నాలుక చచ్చిపోయింది.

అంతలో వీధి ఆడవాళ్లకు ఇంకో సంగతి కంటబడింది. దండెం మీద రోజూ ఒకే చీర.

"ముసలవ్వకు ఒక్కటే చీరెనా? అయ్యో!" అని పోశవ్వ కళ్లు తుడుచుకొని, తన పెట్టెలోని అంచు చీర తెచ్చి అనసూర్య చేతుల్లో పెట్టింది.

ఆ చీర పట్టుకొని అనసూర్య ఇంట్లోకి వచ్చి కూలబడింది. "లేని మనిషి పేరు మీద ఉన్న మనిషి చీరె గుంజుకున్నం. పాపం తలుగుతది మనకు."

"శ్రావణం దాక ఓపిక పట్టవే. మేనేజరు దిగంగనే పెద్దమ్మను ఖానాపూర్ తోలుదం."

గుమాస్తా ఆ వారంలోనే వచ్చాడు. చంకలో గొడుగు, నోట్లో పాన్. కొత్తింటి ముందు ఆగి ముగ్గు చూశాడు, చీర చూశాడు, పెంకుల సందుల్లోంచి లేస్తున్న పొగ చూశాడు. లక్ష్మీరాజం అరుగు దిగి దండం పెట్టాడు.

"ఇంట్ల ఎవరయ్యా?"

"మా పెద్దమ్మ సారూ."

"ఒకసారి పిలువు."

లక్ష్మీరాజం తలుపు వైపు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే లోపల తడికట్టె రాజుకొని అనసూర్యకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గుమాస్తా రెండడుగులు వెనక్కి వేశాడు.

"గదేం దగ్గయ్యా? క్షయ కాదు గద?"

"ముసలితనం సారూ."

"సరే, పిలవకు. పండుకోనియ్యి. ఇంట్ల మనిషున్నదని ఆఫీసుల చెప్త" అని అతను జోరుగా నడిచి మలుపు తిరిగాడు. లక్ష్మీరాజం తలగుడ్డతో చెమట తుడుచుకున్నాడు. సగం ఆషాఢమే గడిచింది. ఇంకా సగం ఉంది.

ఆ సగమే అనసూర్య వల్ల కాలేదు. పొగకు కళ్లు వాచి, దగ్గి దగ్గి డొక్కలు పట్టుకొని, ఓ పొద్దున ఆమె తన వాకిలి మాత్రమే ఊడ్చుకుంది. "నీ పెద్దమ్మకు నువ్వే చల్లుకో సాన్పి" అని విడిచిన బట్టల మూట నెత్తిన పెట్టుకొని వాగుకు పోయింది. లక్ష్మీరాజం పేడబొచ్చె వైపు కాసేపు చూశాడు. ఒక్కరోజు చల్లకపోతే ఏమవుతుందిలే అనుకొని, మేనేజరుతో ముహూర్తం సంగతి మాట్లాడదామని మిల్లుకు బయలుదేరాడు.

మేనేజరు ఉత్సాహంగా ఉన్నాడు. మంచం ఎక్కడ పడుతుందో ఇంకోసారి చూస్తానని వెంట వచ్చాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగేసరికి డప్పు వినిపించింది.

ఆ పొద్దున పోశవ్వ లేచి చూస్తే కొత్తింటి ముందు సాన్పి లేదు, ముగ్గు లేదు, పొయ్యి పొగ లేదు. మంచంలో ఉన్న మనిషి ఇంటి ముందు పొద్దెక్కేదాకా సాన్పి పడలేదంటే ఆ వీధిలో ఎవరైనా అనుకునేది ఒక్కటే. తలుపు కొట్టింది, పలుకు లేదు. పక్కింట్లో చూస్తే ఇద్దరూ లేరు. గుండెలు బాదుకుంది. వీధంతా కదిలి వచ్చింది. శవం దగ్గరికి ముందు సొంతవాళ్లే పోవాలని ఎవరూ తలుపు పగలగొట్టలేదు. లక్ష్మీరాజం వచ్చేసరికి పాడెకు వెదురుబొంగులు వచ్చాయి, కొత్త కుండ వచ్చింది, పంచాంగంతో అయ్యగారు వచ్చాడు, డప్పు విని గుమాస్తా కూడా వచ్చాడు. అందరికంటే ముందు నిలబడి అంతయ్య కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"గిదేందన్నా!" అన్నాడు లక్ష్మీరాజం అతని చెవిలో.

"గుమాస్త ఉన్నడు. ఏడువు" అన్నాడు అంతయ్య పెదవి కదపకుండా.

లక్ష్మీరాజం ఏడ్చాడు. "ఓ పెద్దమ్మా! నన్నిడిసి పోతివా!" అని గట్టిగానే ఏడ్చాడు. ఆడవాళ్లు అందుకున్నారు. అయ్యగారు వేళ్లు మడిచి లెక్క చూసి తల అడ్డంగా ఊపాడు.

"ధనిష్ఠ నక్షత్రంల పోయింది. ఇల్లు ఆరు నెలలు మూయాలె. లోపట దీపం సుత పెట్టొద్దు."

మేనేజరు ముఖం పాలిపోయింది. "లక్ష్మీరాజం, ఏమనుకోకు. నేను వేరే ఇల్లు చూసుకుంట" అన్నాడు.

లక్ష్మీరాజం ఏడుపు నడిమధ్యలో ఆగిపోయింది. ఆరు నెలలు! మగ్గం లేదు, కడియాలు లేవు, కిరాయి లేదు. ఏం తిని బతకాలి? గుమాస్తా ఎదురుగా ఉన్నాడన్న భయం కూడా ఆ ఆకలి ముందు నిలవలేదు.

"ఆగున్రి! ఎవ్వలూ సచ్చిపోలే! నాకు పెద్దమ్మే లేదు! ఎన్నడూ లేదు!"

"అయ్యో, దుఃఖంల మతి పోయింది పిలగానికి" అంది పోశవ్వ.

ఇక మాటలతో కాదని అతను పెరటి దారిన పరిగెత్తి, లోపలి నుంచి గడియ తీసి తలుపులు బార్లా తెరిచాడు. "చూడున్రి!"

అందరూ చూశారు. ఒక పొయ్యి, ఇంత బూడిద, మూలకు పోశవ్వ గిన్నె, దాని పక్కన పోశవ్వ చీర. మంచం లేదు, మనిషి లేదు, శవమూ లేదు. డప్పు ఆగిపోయింది.

పోశవ్వ గడప దాటకుండా తన గిన్నె వైపు చూసింది. "నేను దగ్గు ఇన్న. నా గటుక తిన్నది. మరి ఇన్నొద్దులు గీ ఇంట్ల తిన్నదెవలు?"

పాడె కట్టేవాళ్లు బొంగులు కింద పడేశారు. అప్పుడే వాగు నుంచి వచ్చిన అనసూర్య మూట దించి "దగ్గింది నేను, తిన్నది ఈయన" అని అరిచింది. ఇంటి ఇజ్జత్ కోసం అట్లా అంటున్నదనుకొని ఎవరూ ఆమె మాట నమ్మలేదు. చావు ఇంటికైతే ఆరు నెలలు, దయ్యమున్న ఇంటికి ఎన్ని నెలలో అయ్యగారు కూడా చెప్పలేకపోయాడు. మేనేజరు అప్పటికే మలుపు దగ్గర ఉన్నాడు.

లక్ష్మీరాజం వెళ్లి గుమాస్తా చేతులు పట్టుకున్నాడు. "సారూ, ఇల్లు ఖాళీగనే ఉన్నది. మీరే తీసుకోన్రి. మీరెంతిస్తె గంతే. సలాం సుత కొడ్త."

"ఎట్ల తీసుకుంటనయ్యా?" గుమాస్తా చేతులు విడిపించుకున్నాడు. "ఇంట్ల మనిషున్నదని నేనే చెప్పొచ్చిన. గామెను ఆఫీసుకొచ్చి ఇల్లిడిసిన్నని చెప్పమను, అప్పుడు చూద్దం." వాన లేకపోయినా గొడుగు విప్పుకొని గబగబా వెళ్లిపోయాడు.

వీధి ఖాళీ అయింది. లక్ష్మీరాజం కొత్తింటి గడపలో కూర్చొని ఈసారి నిజంగా ఏడ్చాడు. ఎవరూ అందుకోలేదు. అనసూర్య వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు అతన్ని ఏడవనిచ్చింది.

"ఇగ చాలు. మేనేజరుకు ఇల్లు గావాలె గద? మన పాతది ఇయ్యి. మనం గీ కొత్తింట్ల ఉందం."

"శూన్యమాసమే!"

"గిన్నొద్దుల సంది పొయ్యి ముట్టిస్తనే ఉన్న. ఇంక కొత్తిల్లెట్లయితది?"

"మరి దయ్యం?"

"దాని దగ్గు దగ్గింది నేను గాదా?"

ఊళ్లో ఇంకెక్కడా ఇల్లు దొరక్క మేనేజరు నాలుగు రోజుల్లోనే తిరిగి వచ్చాడు. కిరాయి కొంత తగ్గించాడు, పాత మగ్గం గుంతలో ధాన్యం పోసుకోవచ్చని సంతోషించాడు, శ్రావణంలో దిగాడు. ఆ కిరాయితో ఇద్దరికీ రెండు పూటలా గడిచింది. పెంకుల కింద ఒక్క చుక్క కురవకుండా పడుకున్న మొదటి రాత్రి అనసూర్య ఏమీ అనలేదు. లక్ష్మీరాజానికి అది బాగా వినబడింది.

అంతయ్య మాత్రం కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు సలహాలివ్వడం మానలేదు. కిరాయికిచ్చే ఇల్లు ఎప్పుడైనా పెండ్లాం మెచ్చేటట్టే కట్టాలని ఇప్పుడు అన్నిటికంటే ముందు చెబుతున్నాడు.