అద్దాలు దించని ప్రయాణం

ఆ ఆదివారం పోలరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గుణదల వెళ్లి కారు సూపర్‌చార్జర్‌లో నూనె మార్పించడం, ఇంటికొచ్చి శుభ్రంగా తలంటు పోసుకోవడం, ఎదురింటి వెంకటకృష్ణారావు గారి దంపతుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఉయ్యూరులో పెళ్లికి తీసుకెళ్లడం. దారిలో ఎవరూ కారు అద్దం దించకూడదు. అసలు సంగతల్లా ఈ చివరి ముక్కలోనే ఉంది.

పోలరాజుది చేపల వ్యాపారం. కొల్లేటి చేపలు ఐసులో పెట్టి కలకత్తా పంపుతాడు. బెజవాడలో ఎండు చేపల కొట్టు కూడా ఉంది. ఆ సంపాదనతో మంచి కాలనీలో మేడ కట్టాడు, ఎదురింట్లో రిటైరైన ఇంజనీరు రావుగారిని సంపాదించుకున్నాడు. కానీ పోలరాజు అంబాసిడర్ ఎక్కినవాళ్లు ఎవరైనా సరే, సందు మలుపు తిరక్కుండానే, "కొంచెం గాలాడుతుందనండీ" అంటూ అద్దం దించేవారు. చేపల కంపు అని ఒక్కరూ అనలేదు. బెజవాడ వాళ్లకు మర్యాద ఎక్కువ. డిసెంబరులో కూడా గాలి కోసమే దించేవారు. రావుగారైతే ఒకసారి గన్నవరం దాకా, అదీ వర్షంలో, తల బయటపెట్టుకునే ప్రయాణం చేశారు. దిగాక తల తుడుచుకుంటూ థాంక్స్ కూడా చెప్పారు. ఆ రాత్రి పోలరాజు అన్నం తినలేదు.

అందుకే హైదరాబాదులో ఒక సినిమా ఫైనాన్షియరు వదిలించుకున్న జర్మనీ కారు కొన్నాడు. అప్పటికే తొమ్మిదేళ్ల పాతదైనా తోలు సీట్లూ, ఏసీ, దర్జా చెక్కుచెదరలేదు. ఆ కారులోకి చేప రాకూడదు, చేపలు ముట్టుకున్న మనిషి రాకూడదు. పోలరాజు తానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే తప్ప ఎక్కేవాడు కాదు. అందులో కూర్చుని ఫోన్లో చేపల రేటు కూడా మాట్లాడేవాడు కాదు.

ఇంత జాగ్రత్తపరుడి దగ్గర ఒక రహస్యం ఉంది. పాతికేళ్లు ఐసులో, చేపల్లో తిరిగాక ఆయన ముక్కు ఉద్యోగ విరమణ చేసింది. మంచి వాసనా లేదు, చెడ్డ వాసనా లేదు. ఈ సంగతి భార్య నాగలక్ష్మికి కూడా చెప్పలేదు. పప్పు మాడినా "ఘుమఘుమలాడిపోతోందే" అనేవాడు. చుట్టాలందరూ ఆయన్ని చూసి ఎంత మంచివాడో అనుకునేవారు.

గుణదల కొండ కింద జయపాల్ షెడ్డు. కారు ఈల వేస్తోందని పోలరాజు వారం రోజులుగా గోల పెడుతుంటే, జయపాల్ మద్రాసు నుంచి చిన్న నూనె సీసా తెప్పించాడు.

"ఇంజన్‌లోకి గాలి గట్టిగా కుక్కే మిషనండీ ఈ సూపర్‌చార్జరు. దీని నూనె దీనికి వేరే. ఈ కారు పుట్టాక ఒక్కసారి కూడా మార్చలేదు," అన్నాడు జయపాల్.

"కంపెనీవాడు లైఫ్‌టైమ్ మార్చక్కర్లేదన్నాడంట కదయ్యా?"

"ఎవరి లైఫ్‌టైమో చెప్పలేదు కదండీ."

గేదెల డాక్టరు వాడే పెద్ద సిరంజీకి సన్న గొట్టం తగిలించి, జయపాల్ పాత నూనెను పైకి లాగి ఒక గ్లాసులో పోశాడు. నల్లగా, చిక్కగా, టీ గ్లాసుడు కూడా లేదు. కానీ వాసన ఉంది. ఈ రకం నూనె కొత్తదే ముక్కుకు మంచిది కాదు, ఇక తొమ్మిదేళ్లు మగ్గిందంటే కుళ్లిన చేప, కాలిన రబ్బరు కలిసి పగబట్టినట్టే. జయపాల్ మొహానికి తువ్వాలు కట్టుకున్నాడు. ఎదురుగా టీ కొట్టువాడు కొట్టు మూసేశాడు. పోలరాజు మాత్రం ఆ నూనె గ్లాసు పక్కనే స్టూలేసుకుని టీ తాగుతూ, "కానీయవయ్యా, పెళ్లికెళ్లాలి" అంటున్నాడు.

కొత్త నూనె పోయడం అయింది. పాత నూనె గ్లాసును జయపాల్ ముందు అద్దం కింద, వైపర్ల పక్కన పెట్టి, చేతులు తుడుచుకోవడానికి వెళ్లాడు. పోలరాజుకు తొందర. లేచి, బానెట్ పట్టుకుని ధడేల్మని వేశాడు. గ్లాసు ఎగిరి బోర్లా పడింది. వైపర్ల కింద సన్న చిల్లులుంటాయి, ఏసీ బయటి గాలి పీల్చుకునేది వాటిలోంచే. నూనె మొత్తం ఆ చిల్లుల్లోకి పోయింది.

జయపాల్ "అయ్యో మరియమ్మ తల్లీ" అంటూ పరిగెత్తుకొచ్చి సబ్బు నీళ్లు కుమ్మరించాడు. పైపైన మిగిలిన నాలుగు చుక్కలు కూడా ఆ నీళ్లతో లోపలికి పోయాయి.

"సార్, వాసనేమైనా వస్తోందాండీ?" అన్నాడు భయం భయంగా.

పోలరాజు కారులో కూర్చుని గుండె నిండా గాలి పీల్చాడు. "బ్రహ్మాండంగా ఉంది. కొత్త కారు వాసనొస్తోంది."

జయపాల్ ఆయన వంక ఒక నిమిషం చూశాడు. కూర్చునే ఆయనకే బాగున్నప్పుడు మధ్యలో తనకెందుకని ఊరుకున్నాడు.

ఇంటి దగ్గర నాగలక్ష్మి పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని కారు తలుపు తీసింది. తీసిన తలుపు తీసినట్టే వేసేసింది.

"ఏ చేపండీ?"

"చేపేంటే?"

"బొచ్చెనా, శీలావతా? ఎక్కడ పెట్టారు? ఇవాళ కూడా వ్యాపారమేనా మీకు?"

"ఒట్టే, ఈ కారులోకి చేప రాలేదు. నూనె మార్పించుకొచ్చానంతే."

"నూనె నూనె కంపు కొడుతుంది గానీ చేప కంపెందుకు కొడుతుందండీ? నాకు చెబుతున్నారా?"

కాదందామంటే పోలరాజు ముక్కు సాక్ష్యం పలకదు. మెల్లగా ఆయనకు తన మీదే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ల చేపలు ఒంట్లోకే దిగిపోయాయేమో, ఎన్ని సబ్బులు రుద్దినా పోదేమో అనిపించింది. వెళ్లి తలంటు పోసుకున్నాడు. తుడుచుకుని, మళ్లీ ఇంకోసారి పోసుకున్నాడు.

ఈలోగా నాగలక్ష్మి డిక్కీ వెతికింది, సీట్ల కింద టార్చి వేసి చూసింది. చేప దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. సాంబ్రాణి వేసింది, కర్పూరం వెలిగించింది, నిమ్మకాయలు కోసి మూలమూలలా పెట్టింది, కలరా ఉండలు చల్లింది, పెళ్లిలో కొట్టుకోవాల్సిన సెంటు సీసా అంతా సీట్ల మీద ఒంపేసింది. ఇప్పుడు కారులో కుళ్లిన చేపకు ఎవరో ఘనంగా పూజ చేసినట్టుంది.

అంతలో రావుగారు, భార్య సంపూర్ణమ్మ గారు వచ్చేశారు. రావుగారు ధ్యానం క్లాసులో చేరి రెండేళ్ల కిందట మాంసాహారం మానేశారు. అప్పటి నుంచీ కాలనీలో ఎవరు కనిపించినా, ప్రాణుల్ని తినేవాళ్ల మొహాల్లో కళ ఎందుకుండదో వివరిస్తున్నారు. చంకలో ఒక తోలు సంచీ ఉంది. పోలరాజు వినయంగా అందుకోబోతే, "వద్దొద్దండీ, ఒళ్లోనే పెట్టుకుంటాను" అని గుండెకు హత్తుకున్నారు.

బందరు రోడ్డు ఎక్కగానే పోలరాజు ఏసీ వేశాడు. గాలి చల్లగా మొదలైంది. దానితోపాటు మిగతాది కూడా మొదలైంది.

సంపూర్ణమ్మ గారు ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, "కొంచెం గాలాడుతుందేమోనండీ" అంటూ అద్దం మీట మీద చెయ్యి వేశారు. పోలరాజు ముందున్న చిన్న అద్దంలో ఆ చెయ్యి చూశాడు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాడు.

"వద్దు!" అని కేకేశారు రావుగారు. "అద్దాలు దించకు. దుమ్ము. నాకు పడదు."

పోలరాజు చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. గన్నవరం దాకా తల బయటపెట్టిన మనిషి అద్దం దించొద్దంటున్నాడు! కళ్లు చెమర్చాయి.

"ఏసీ బాగుందాండీ?"

"దివ్యంగా ఉందండీ," అన్నారు రావుగారు రుమాల్లోంచి.

ఆ ఆనందంలో పోలరాజు ఏసీ ఇంకొంచెం పెంచాడు.

పెనమలూరు దాటేసరికి సంపూర్ణమ్మ గారి మొహం ఆకుపచ్చగా మారింది. "ఏమండీ, మీకేం వాసన రావట్లేదూ?"

"వాసనా? నాకేం రావట్లేదే! పోలరాజు గారూ, మీకేమైనా వస్తోందా?"

"మల్లెపూల వాసనండీ," అన్నాడు పోలరాజు, భార్య జడ వైపు చూసి, ధైర్యంగా.

రావుగారు నిర్ఘాంతపోయారు. ఈ మనిషికి తెలుసు, తెలిసీ తన పరువు కాపాడుతున్నాడు! ఇంతటి ఉత్తముడి కారులోంచా తను ఆనాడు తల బయటపెట్టాడు అనుకుని సిగ్గుపడ్డారు. సంచీని మోకాళ్ల మధ్య మరింత గట్టిగా నొక్కిపెట్టారు. ముందు సీట్లో నాగలక్ష్మి మాత్రం పొరుగువాళ్ల ముందు నోరు విప్పలేక, చేతిలో నిమ్మకాయ ముక్కను పిండి పిండి తొక్క చేసింది.

కంకిపాడు దగ్గర ఆమె సహనం అయిపోయింది.

"ఆపండి కారు! చేప ఎక్కడ దాచారో ఇప్పుడే చెప్పండి. చెప్పకపోతే ఇక్కడే దిగి బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోతాను."

పోలరాజు కాలవగట్టు మీద కారు ఆపాడు. "నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు. ఈ కారులోకి చేప రాలేదు లక్ష్మీ. వస్తే అది నా ఒంటి మీంచే," అన్నాడు.

ఆ మాటకు రావుగారు కదిలిపోయారు. ఆయన కూడా మనిషే.

"చేప కాదమ్మా," అన్నారు నేల చూపులు చూస్తూ. "రొయ్యలు."

అద్దం దించితే కంపుందని ఒప్పుకున్నట్టవుతుందని ఇంతసేపూ బిగబట్టుకున్న రావుగారు సంచీ తెరిచారు. ధ్యానం పుస్తకం కింద కిలో ఎండు రొయ్యల ప్యాకెట్.

"మీ కొట్లోవేనండీ. మా పనివాడు అంతోనితో తెప్పించాను. ఉయ్యూరులో మా అక్కయ్యకి."

"మీ అక్కయ్యకి పళ్లే లేవు కదండీ," అన్నారు సంపూర్ణమ్మ గారు.

"వంకాయలో బాగా వండుతుంది," అన్నారు రావుగారు, ఇంకా చిన్న గొంతుతో.

నాగలక్ష్మి ప్యాకెట్ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పి చూసింది. మళ్లీ పెట్టుకుంది. "దీంట్లోంచి ఏం రావట్లేదే!"

"ఎలా వస్తుంది? మన ప్యాకింగ్," అన్నాడు పోలరాజు, అంత దుఃఖంలోనూ.

రావుగారు గబుక్కున తలెత్తారు. ఆయన మొహంలో అప్పుడు కనిపించినంత పశ్చాత్తాపం ధ్యానంలో ఎప్పుడూ కలిగి ఉండదు. ఇంకో పది నిమిషాలు ఓర్చుకుని ఉంటే సరిపోయేది.

అంతలో ఫోన్ మోగింది. జయపాల్ గొంతు ఫోన్ లేకపోయినా గుణదల నుంచి వినపడేంత పెద్దది.

"సార్, ఆ పాత నూనె కంపు పోయిందాండీ? ఇక్కడ టీ కొట్టు ఇంకా తెరవలేదు! ఏసీ మాత్రం వెయ్యకండి, చచ్చిపోతారు. అద్దాలు దించుకుని వెళ్లండి!"

ముగ్గురూ పోలరాజు వైపు తిరిగారు.

"మీకు తెలియలేదాండీ?" అంది నాగలక్ష్మి.

ఇక దాచి లాభం లేదు. "నాకు ఏ వాసనా తెలియక చాలా ఏళ్లయిందే," అన్నాడు పోలరాజు. "ఎవరైనా అద్దం దించితే కంపు కొడుతున్నానని తెలిసేది, అంతే. ఇవాళ ఇంత దూరం వచ్చినా ఎవరూ దించలేదు. ఎంత సంతోషపడ్డానో రావుగారూ!"

"అయితే నా కూరలు రోజూ ఘుమఘుమలాడుతున్నాయన్నది?" అంది నాగలక్ష్మి.

పోలరాజు కారు స్టార్ట్ చేశాడు. రావుగారు తమ వైపు అద్దం దించబోయి, ముందు చెయ్యి చాచి పోలరాజు భుజం తట్టి, అప్పుడు దించారు. ఉయ్యూరు పొలిమేరల్లో చెరుకు లారీలు బారులు తీరి ఉన్నాయి. చెరుకు ఆడే క్రషింగ్ రోజులు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన చెరుకు మడ్డి వాసన వచ్చి ముగ్గురి ముక్కులకూ రుమాళ్లు మళ్లీ ఎక్కాయి.

పెళ్లి భోజనాలయ్యేలోగా పోలరాజు పెట్రోలు బంకులో ఒకటికి నాలుగుసార్లు ఆ చిల్లులు కడిగించాడు. నాగలక్ష్మి వాసన చూసి పోయిందని సర్టిఫికెట్ ఇచ్చింది. తిరుగు ప్రయాణానికి సంపూర్ణమ్మ గారు వచ్చి కూర్చున్నారు. అక్కయ్య ఇంటి నుంచి రావుగారు కాస్త ఆలస్యంగా, ఒక స్టీలు క్యారియర్ పట్టుకుని వచ్చారు. మూత సందుల్లోంచి వెచ్చగా ఆవిరి వస్తోంది. సంపూర్ణమ్మ గారు అటు తిరిగి కూర్చున్నారు.

కారు కదిలింది. అద్దాలు మూసి ఉన్నాయి. ఏసీ చల్లగా, శుభ్రంగా వీస్తోంది. నాగలక్ష్మి ఒకసారి గాలి పీల్చి, భర్త వైపు చూసి, కళ్లతోనే వెనక సీటు చూపించింది. పోలరాజు అద్దంలోంచి రావుగారి ఒళ్లో క్యారియర్‌ను చూశాడు. పాతికేళ్లుగా తను విన్న మాట నోటిదాకా వచ్చింది. దాన్ని ఆపుకోవాలని అనిపించలేదు.

"కొంచెం గాలాడుతుందనండీ," అని నాలుగు అద్దాలూ దించాడు. వెనక సీట్లో రావుగారు తల వంచుకున్నారు.

కారు అప్పుడే చక్కెర ఫ్యాక్టరీ ముందుకు వచ్చింది.