మంగతాయారు నవలకి రాజుగారి ముందుమాట

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దది కాదులెండి, ఈ చివర గుడ్డు పెట్టిన పిట్ట ఆ చివర ఎలా ఉందో చూసొద్దామని ఎగిరెళ్ళి తిరిగొచ్చేసరికి దాని మునిమనవలు "ఎవరు కావాలి మామ్మగారూ?" అని గూటి దగ్గరే ఆపి అడిగేవి, అంతే, అలాంటి అడవిలో ఒక నవలల సంఘం ఉండేది.

ఏటేటా కొత్త నవలలు ఎంచి పాఠకులకి పరిచయం చెయ్యడం ఆ సంఘం పని. దానికి అధ్యక్షుడు నక్క, జంబుకేశ్వర్రావుగారు. ఆయన నవలల్ని మూడు గుహల్లో సర్దించేవాడు. ఒకటి మామూలు నవలలకి, ఒకటి సాహిత్య నవలలకి, ఒకటి చారిత్రక నవలలకి.

"ఏది ఏ గుహలో పెట్టాలో ఎలా తెలుస్తుందండీ?" అని ఒక కుందేలు అడిగింది.

"అదెంత పని! అర్థమైతే మామూలు నవల. అర్థం కాకపోతే సాహిత్యం. రాజుగారి తాతగారుంటే చారిత్రకం."

"అన్నీ మీరే చదివి చూస్తారా?"

నక్క నవ్విన నవ్వుకి కొండ మీద రాళ్ళు దొర్లి కిందపడ్డాయి. "చదువుతూ కూర్చుంటే అభిప్రాయం చెప్పడానికి తీరికెక్కడ దొరుకుతుందే పిచ్చిపిల్లా!"

అదీ అక్కడి ఆచారం. నవల రాగానే కోతులు మోదుగాకుల మీద ప్రతులు దింపేవి. చూసిరాతలో కోతుల్ని మించినవాళ్ళు లేరు కదా! ఏం రాస్తున్నాయో వాటికీ తెలిసేది కాదు. తర్వాత ఆవిష్కరణ సభ. సభలో ప్రధాన వక్త ఎప్పుడూ ఎలుగుబంటి భల్లాచారిగారే. ఆయన అట్ట వైపు ఒకసారి చూసి మాట్లాడడం మొదలుపెడితే చెట్లు ఆకులు రాల్చి మళ్ళీ చిగురేసేదాకా ఆపేవాడు కాదు. ఒంటినిండా అంత బొచ్చు పెట్టుకుని కూడా ఆయనకి శాలువా అంటే ప్రాణం. కప్పిన శాలువాలన్నీ గుహలో పేరుకుపోయి, చోటు చాలక, పాపం ఆయన ఆరుబయటే పడుకునేవాడు.

సభ అయ్యాక ప్రతులు ఊరికే పంచేవారు. పుచ్చుకున్న ప్రతి జంతువూ "ఇవాళే చదివేస్తాను" అని కళ్ళకద్దుకుని, ఇంటికి పట్టుకెళ్ళి వాకిలి తడిక్కి ఆనించేది. అందుకే ఎంత ఈదురుగాలి వీచినా ఆ అడవిలో ఒక్క తడికా కొట్టుకునేది కాదు. సాహిత్యం వల్ల ఏం ప్రయోజనం అని అడిగేవాళ్ళకి అదే సమాధానం.

ఆ అడవిలోనే మంగతాయారని ఒక ముళ్ళపంది ఉండేది.

వేసవి వస్తే అడవిలో చుక్క నీరుండేది కాదు. కొండమడుగులో మాత్రం నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండేవి. కానీ అది రాజుగారి జలకాల మడుగు. చుట్టూ తోడేళ్ళు కాపలా. మిగిలిన జంతువులన్నీ దాహమేస్తే కింద వాగుకి పోవాలి. ఆ వాగులో మొసలి ఒకటి, పెళ్ళిపందిరి వేసినట్టు నోరు తెరుచుకుని, వచ్చేవాళ్ళని పేరుపేరునా ఆహ్వానిస్తూ ఉండేది.

కిందటి వేసవిలో మంగతాయారు మొగుడు నీళ్ళకని వాగుకి వెళ్ళాడు. మొగుడు రాలేదు, ముళ్ళొచ్చాయి. గొంతులో గుచ్చుకుంటున్నాయని మొసలి వాటిని గట్టు మీద కక్కేసింది. మంగతాయారు అన్నీ ఏరుకుని తెచ్చుకుంది. ఆమె ఏడ్చిన ఏడుపుని కుండల్లో పట్టి ఉంచితే అడవికి ఆ ఏడాది గడిచిపోయేది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుని, ఒక ముల్లు తీసి నేరేడు రసంలో ముంచి, నవల రాయడం మొదలుపెట్టింది. ఒక ముల్లు అరిగిపోతే ఇంకో ముల్లు. మళ్ళీ వేసవి వచ్చేలోపల నవల అయిపోవాలి. ఎందుకంటే ఈసారి వాగుకి వెళ్ళాల్సింది ఆమె కూతురు.

నవల పేరు ‘జూలు తడిసిన రాజు’. నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళి సంఘంలో ఇచ్చింది.

నక్క అట్ట మీద ‘రాజు’ అన్న మాట చూశాడు. ఆయన తోక దానంతటదే ఊగింది.

"ఏ రాజమ్మా ఇందులో?"

"ఇప్పటి రాజుగారి తాతగారండీ."

"మంచివాడేనా?"

"చివరికి మంచివాడేనండీ."

"ఇంక చదవడమెందుకు! చారిత్రకం," అన్నాడు నక్క. అప్పుడే కొలువులో మంత్రి పదవి ఒకటి ఖాళీగా ఉంది. తాతగారి మీద నవల తెచ్చి, దానికి మనవడిగారి చేత ముందుమాట రాయిస్తే ఆ పదవి ఎవరికి వస్తుంది? లెక్క కుదిరింది. రాయించడం కూడా ఎందుకని ముందుమాట తనే రాసేశాడు.

"ఈ నవలలో ప్రతి అక్షరమూ సత్యం. మా తాతగారు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్వయంగా చెప్పిన సంగతులివి. ఇందులో ఒక్క మాట కాదన్నవాడు నన్ను కాదన్నట్టే."

రాజుగారు భోంచేసి ఆవలిస్తున్న వేళ చూసి దగ్గర పెట్టాడు.

"ఇప్పుడిదంతా మేం చదవాలా?" అన్నారు రాజుగారు, ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోయి.

"ఎంతమాట ప్రభూ! రాజులు చదవరు. రాజుల్ని మేం చదువుకుంటాం."

రాజుగారు ముచ్చటపడి పంజా ముద్ర వేసి, గుర్రుపెట్టారు.

ఆవిష్కరణ సభ ఎంత ఘనంగా జరిగిందంటే, చప్పట్లకి బెదిరి పక్క అడవిలో ఏనుగులు ఊరు మారిపోయాయి. భల్లాచారిగారు లేచి నవలని చేత్తో తూచాడు. "బరువైన నవల! ఎత్తితేనే తెలుస్తోంది. ముళ్ళపంది రాసింది కనక గుచ్చుకునే గుణం ఉంది. గుచ్చుకున్నా నొప్పి తెలియదు. అదే శైలి!" అన్నాడు. శాలువా కప్పించుకున్నాడు. విమర్శకుడు ఊసరవెల్లి రాజుగారి పక్కన కూర్చుని పసుప్పచ్చగా మెచ్చుకున్నాడు. ప్రతులన్నీ ఇట్టే అయిపోయాయి.

మంగతాయారు ఇంటికొచ్చి ఎదురుచూసింది. ఎవరో ఒకరు చదువుతారు, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు అని. ఎవరూ రాలేదు. ఎండలు ముదురుతున్నాయి. తనే బయల్దేరింది.

"అన్నయ్యగారూ, నా నవల చదివారా?"

"చదవడమేమిటి చెల్లెమ్మా, జీర్ణించుకున్నాను," అన్నాడు భల్లాచారి.

"వరద ఘట్టం ఎలా ఉందండీ?"

"వరదలా ఉంది!"

అక్కణ్ణించి అడవిదున్న గంగులు ఇంటికి వెళ్ళింది.

"వదినా, నీ పుస్తకం దొడ్డదే!" అన్నాడు గంగులు సంబరంగా. "మా దూడ తలకింద పెట్టామా, ఇట్టే నిద్రపోయింది. ఇంకోటుంటే ఇయ్యి, రెండోదానికి."

 మంగతాయారు తడికల ముందున తన నవల ఆనించి ఉన్న గుమ్మాలన్నీ చూసుకుంటూ ఇంటికి నడిచింది. దారిలో కూతురు ఎదురొచ్చి, "అమ్మా, కుండ అడుగంటింది. వాగుకి వెళ్ళొస్తాను," అంది.

"కొంచెం ఓపిక పట్టవే తల్లీ," అంటూనే మంగతాయారు వెనక్కి తిరిగింది. తిన్నగా భల్లాచారి దగ్గరికే పోయింది. ఈసారి తలొంచుకుని, గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, పెద్దమనసుతో క్షమించాలి. నవలలో మీ మీద నాలుగు మాటలు తూలాను. ఏదో ఆవేశంలో రాసేశాను."

ఎలుగుబంటి ఒంటి మీది బొచ్చంతా దర్భల్లా నిలబడింది. "నా మీదా? ఏమని? ఎక్కడ?"

"ఎక్కడో లోపలే ఉందండీ. సిగ్గుతో చచ్చిపోతున్నాను, నన్నేమీ అడక్కండి," అని చీర చెంగు లేదు గానీ, ఉంటే ముఖానికి అడ్డం పెట్టుకునేదే.

అక్కణ్ణించి ఊసరవెల్లి దగ్గరికి. అక్కణ్ణించి గంగులు దగ్గరికి. కుందేలు, కోతులు, కొంగ, ఎవర్నీ వదల్లేదు. అందరికీ అదే మాట. జంబుకేశ్వర్రావుగారికి మాత్రం చెప్పలేదు. పెద్దవారు, చదివే శ్రమ ఎందుకు పెట్టాలి?

అంతే! అడవి అడవంతా చదువుల్లో పడిపోయింది. దూడ తలకింది నుంచి గంగులు నవల లాగేశాడు. దూడ ఏడుస్తున్నా పట్టించుకోలేదు. కోతులు తాము రాసిన ప్రతుల్ని తామే మొదటిసారి చదివాయి. చదవడం రానివాళ్ళు వచ్చినవాళ్ళ చెవులు పట్టుకుని చదివించుకున్నారు. ఆ మధ్యాహ్నం వీచిన గాలికి అడవిలో తడికలన్నీ ఒకేసారి టపటపా కొట్టుకున్నాయి.

ఎవరికీ తమ పేరు కనబడలేదు. కనబడిందల్లా ఇది. వెనకటికి పెద్ద వరదొచ్చింది. రాజుగారి తాతగారు జూలు తడిసి, కొమ్మ పట్టుకుని, పిల్లిలా వణుకుతూ అరిచారు. అడవిదున్న ఒకాయన ఈది వెళ్ళి ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని కొండకి చేర్చాడు. తాతగారు ఆ మడుగు గట్టు మీదే నిలబడి మాటిచ్చారు: "ఈ కొండమడుగు నీళ్ళు దాహమున్న ప్రతి ప్రాణివీ. నా వంశంలో ఎవడైనా దీనికి కాపలా పెడితే వాడి జూలు ఊడిపోవుగాక!"

గంగులు మందనంతటినీ వెంటేసుకుని మంగతాయారు గుమ్మంలో వాలాడు.

"వదినా! మా ముత్తాత రాజుని మోశాడా? మా ఇంట్లో ఎవరూ చెప్పలేదే!"

"మీ ఇంట్లో పొద్దున మేసింది సాయంత్రానికి గుర్తుంటుందా గంగులూ? నెమరేస్తే గానీ తెలీదు."

"అయితే ఇది నిజమేనా?"

"ముందుమాట చదవలేదా? రాజుగారే నిజమని ముద్ర వేశాక, కాదనడానికి నేనెవర్ని?"

జంతువులన్నీ కొండెక్కాయి. దుమ్ము ఎంత లేచిందంటే సూర్యుడు తుమ్మాడు. తోడేళ్ళు అడ్డం వచ్చాయి గానీ, అంతమంది చేతుల్లో రాజుగారి పంజా ముద్ర చూసి ఏం చెయ్యాలో తెలీక నమస్కారం చేశాయి.

జలకమాడుతున్న రాజుగారు లేచి నిలబడ్డారు. "ఏమిటీ గోల?"

భల్లాచారి గొంతు సవరించుకుని ముందుమాట పైకి చదివాడు. తర్వాత ఒట్టు వేసిన చోటు చదివాడు. చదివిన పుస్తకం గురించి మాట్లాడడం ఆయనకదే మొదలు. అందుకే పొట్టిగా ముగించాడు.

రాజుగారు నక్క వైపు తిరిగారు. నక్క మడుగు గట్టు మీద గడ్డిపరకలో దాక్కోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"జంబుకేశ్వర్రావ్! ఇది మా ముందుమాటేనా?"

"ప్రభూ... తమదే గానీ... నవలలో ఏదో కుట్ర..."

"ప్రభువులు చదవకుండానే ముద్ర వేశారని ఎవరైనా అంటే నేను చస్తే నమ్మను," అంది మంగతాయారు, చేతులు జోడించి, బహు వినయంగా.

రాజుగారు ఆలోచనలో పడి నెత్తి గోక్కున్నారు. గోళ్ళ సందున గుప్పెడు జూలు ఊడి వచ్చింది. ఎండాకాలం కదా, అందరికీ రాలుతుంది. కానీ ఆ సంగతి ఆ క్షణాన ఎవరూ గుర్తు చెయ్యలేదు. అడవంతా ఆ వెంట్రుకల వంకే చూసింది. రాజుగారూ వాటి వంకే చూశారు.

"అవునవును," అన్నారు. "తాతగారు మమ్మల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవారు. చెప్పి ఏడ్చేవారు కూడా. తోడేళ్ళని ఎవరు పెట్టారిక్కడ? తీసెయ్యండి!"

కాపలా పోయింది. జంతువులన్నీ ఒక్కసారిగా మడుగులోకి మూతులు పెట్టాయి. ఆ జుర్రుడికి కింద వాగులో మొసలి ఉలిక్కిపడి, ఇక చుట్టాలు రారని తెలిసి, నోరు మూసుకుంది. పుట్టాక అది నోరు మూయడం అదే మొదటిసారి.

మంత్రి పదవి నక్కకి రాలేదు. శిక్ష వచ్చింది. ఇంతవరకూ తను పొగిడిన నవలలన్నీ మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చదవాలన్నారు రాజుగారు. నక్క కాళ్ళ మీద పడిపోయాడు. "ప్రభూ, దయచేసి నన్ను మొసలికి అప్పగించండి!" అని ఏడ్చాడు. వినలేదు. మొదటి గుహలోంచి సాయంత్రానికే బయటికొచ్చాడట. సాహిత్య గుహలోకి వెళ్ళినవాడు మాత్రం ఇంకా రాలేదు.

భల్లాచారి మంగతాయారు దగ్గరికి కోపంగా వచ్చాడు. "నా మీద నాలుగు మాటలన్నావు. వెతికి వెతికి నా కళ్ళు పోయాయి. ఒక్కటీ లేదే! అంత తీసిపోయానా చెల్లెమ్మా నేను?"

"రెండో భాగంలో రాస్తాను లెండి అన్నయ్యగారూ."

"కాస్త ఎక్కువే రాయి," అని శాలువా సర్దుకుని వెళ్ళాడు.

చల్లబడ్డాక గంగులు మడుగు గట్టు మీదికి వచ్చి మంగతాయారు పక్కన కూలబడ్డాడు. "ఇప్పుడెవరూ లేరు. నాకు మాత్రం చెప్పు వదినా. నిజంగా వరద వచ్చిందా?"

మంగతాయారు కూతురి వంక చూస్తోంది. ఆ పిల్ల కుండ పక్కన పడేసి, మూతి ముంచి, వెనకాముందూ చూడకుండా తాగుతోంది. చేతిలో మొగుడి ముల్లు ఒక్కటే మిగిలి ఉంటే మంగతాయారు దాన్ని కూడా నీళ్ళలో ఒకసారి తడిపింది.

"ఏమో గంగులూ! చరిత్ర రాజుగారిది. నవల నాది."

నీతి: చదవకుండా పొగిడేవాళ్ళు పదికాలాలు చల్లగా ఉండాలి, వాళ్ళ పుణ్యాన నలుగురి దాహం తీరుతుంది.