వణకాల్సిన రోజు

వడ్రంగి పక్కింట్లో కాపురముంటున్న ఆయన బావమరిదిని అందరూ సర్దుబాటు అని పిలుస్తారు. సర్దుకోవాల్సింది మాత్రం ఎప్పుడూ ఎదుటివాడే. వడ్రంగి పెరట్లో పనిపాక ఉన్న జాగా మీద వాడి కన్ను పడింది. కారు పెట్టుకోవాలట. "ఊరికే ఇమ్మన్నానా బావా, కొనుక్కుంటానంటున్నా" అని అక్క ముందు, నలుగురి ముందు అడిగాడు. అక్క కళ్లు తడయ్యాయి. వడ్రంగి నోరు జారి సరేనన్నాడు. ఆ పాకలో కూర్చుని చెక్క గీసుకుంటేనే ఆయనకు పొద్దు గడిచేది.

మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. కానీ చెయ్యి మొరాయిస్తే ఎవరేం చేస్తారు? పార్కిన్సన్స్ జబ్బు వచ్చిన దగ్గర్నుంచి ఆయన కుడిచెయ్యి మాత్ర చెప్పుచేతల్లో ఉంది. పరగడుపున మాత్ర వేసుకుని కాసేపాగి తింటే బుద్ధిగా ఉంటుంది. పొట్టలో గుడ్లూ పాలూ ఉండగా వేసుకుంటే మాత్రను పట్టించుకోదు. పోయిన నెల అలాగే జరిగి, సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు తిప్పి పంపారు. మర్నాడు పొద్దున జాగా రిజిస్ట్రేషను. మాత్రకు ముందు గుడ్లు తింటే పాక దక్కుతుందని ఆయన లెక్క.

పొద్దున్నే పొయ్యి మీద గుడ్లు పెడుతుంటే భార్య పట్టుకుంది. "ఏవండీ, మాత్ర పడకుండానే తిండేంటి?"

"ఆకలేసిందే."

"నేను బతిమాలితేగానీ తినని మనిషికి ఆకలా?" అని గిన్నె లాక్కుంది.

గాలికి వెళ్తున్నానని చెప్పి ఆయన వీధి చివర బేకరీలో నాలుగు గుడ్లు తినేసి వచ్చాడు. తర్వాత భార్య ముందు బుద్ధిగా నోరు తెరిచి మాత్ర వేయించుకున్నాడు. కాసేపటికి చెయ్యి తాళం వెయ్యసాగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

అంతలో బేకరీ ఆయన కళ్లజోడు పట్టుకొచ్చాడు. "అన్న మర్చిపోయాడక్కా. నాలుగు గుడ్లు గుటుక్కున మింగాడు, ఇంట్లో ఏం పెట్టలేదా?"

"అయ్యో, మతిమరుపు కూడా మొదలైంది" అని భార్య ఆస్పత్రి నర్సుకు ఫోన్ చేసింది. కంగారొద్దనీ, మధ్యాహ్నం మాత్ర దాకా ఏమీ పెట్టవద్దనీ, అది పనిచేశాకే సంతకం పెట్టించమనీ నర్సు చెప్పింది.

"పని మధ్యాహ్నానికి మార్చగలవేమో చూడరా" అంది తమ్ముడితో.

"దానికేముందక్కా, సర్దుకుందాం" అన్నాడు వాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు సర్దుకోవడం అదే మొదలు. రిజిస్ట్రేషను ఆఫీసువాళ్లు కూడా సరేనన్నారు.

ఆఫీసు బల్ల మీద వడ్రంగికి అటు పెళ్లాం, ఇటు బావమరిది కాపలా కూర్చున్నారు. "గ్లాసుడు పాలు తెప్పించరా" అని ప్రాధేయపడ్డాడు.

"నువ్వు తినకుండా నేనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు బావా. కాస్త ఓర్చుకో" అన్నాడు వాడు, ఎండిన పెదాలతో.

మధ్యాహ్నం మాత్ర ఖాళీ కడుపులో పడి తన పని తాను చేసుకుపోయింది. చెయ్యి నిలిచింది. ఆయన కావాలని ఆడిస్తే "భయపడకండి, నేనున్నానుగా" అని భార్య గట్టిగా పట్టుకుంది. అధికారి ముందు కలం తీసుకుని వంకరగా గీయాలనే చూశాడు. కానీ నలభై ఏళ్లు తిన్నగా గీత గీసిన చెయ్యది, మాట వినలేదు.

"అచ్చు గుద్దినట్టుందండీ" అన్నాడు అధికారి, పాత సంతకంతో పోల్చి చూసి.

ఇక బావమరిది వంతు. పొద్దుట్నుంచి పస్తున్న వాడి వేళ్లు గడగడలాడాయి. సంతకం కోడి కెలికినట్టు వచ్చింది. వడ్రంగి ప్రాణం లేచొచ్చింది. "కలవలేదు కదండీ, ఇంకో రోజు వస్తాం."

"ఎందుకూ? చెయ్యి వణికేవాళ్లు రోజూ వస్తుంటారు. వేలిముద్ర చాలు" అంటూ అధికారి సిరా డబ్బా ముందుకు తోశాడు.

"నాకు వణికినా అంతేనా?"

"మీకైనా అంతే."

బావమరిది బొటనవేలు ఒత్తాడు. కాగితం ప్రకారం వడ్రంగి స్వస్థబుద్ధితో, ఇష్టపూర్వకంగా వదులుకున్నది ఇరవై మూడున్నర చదరపు గజాలు.