ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ మజ్జిగ

నెలనెలా కడుపునొప్పి రావడం ఆడదానికి వరం! నమ్మరా? అయితే మీకు కిరండూల్ ఇనుపగనుల టౌన్‌షిప్‌లో క్వార్టరు దొరకలేదన్నమాట.

రామతులసికి దొరికింది. భర్త చిన్నారావు గనిలో కన్వేయర్ బెల్టు ఫోర్‌మన్. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె నెలకోసారి వంటింటి గచ్చు మీద ముడుచుకుని పడుకుంటోంది. ఇల్లాలికి పగటిపూట నడుం వాల్చే యోగం ఇంకెలా పడుతుంది?

ఆ ఏడాది ఒక లేడీ డాక్టరు క్యాంపుకి వచ్చి ఆమెను పరీక్ష చేసింది. "ఇది ఎండోమెట్రియోసిస్ అనిపిస్తోందమ్మా. గర్భసంచి లోపలుండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతుంది. వేడి కాపడం పెట్టుకోండి, నడవండి, వేళకి నిద్రపోండి. కొంత ఉపశమనం ఉంటుంది. జబ్బు మాత్రం వాటితో పోదు. విశాఖ వెళ్ళి స్పెషలిస్టుకి చూపించుకోండి" అంది.

మొదటి సగం టౌన్‌షిప్ అంతా విన్నది. రెండో సగం రామతులసి ఒక్కతే విన్నది.

ఆమెకు విశాఖ వెళ్ళాలని ఉంది. ఎందుకమ్మా, వైద్యం గుమ్మంలోకి నడిచి వస్తుంటే!

ముందు దేవుడమ్మ వచ్చింది. పక్క క్వార్టరు, చిన్నారావుకి వరసకి అక్క. మెంతినీళ్ళు తాగించింది. వాము నమిలించింది. ఆముదం పట్టీ వేసింది. ఆ తర్వాత అసలు వైద్యం చెప్పింది.

"ఒలమ్మో మరదలా, బ్లాస్టింగ్ సైరన్ మోగ్గానే బోర్లా పడుకోయే. కొండ అదురుతాది కదేటి? ఆ అదురుకి లోపలి గడ్డలు కరిగిపోతాయి."

సైరన్ మోగింది. రామతులసి బోర్లా పడుకుంది. కొండ అదిరింది. అలమరలో గ్లాసులు అదిరాయి. నొప్పి అదరలేదు. కొండని పేల్చాలంటే ఇంజనీర్లు కావాలి, లైసెన్సులు కావాలి. కడుపుకి దేవుడమ్మ చాలు. ఎంత సౌకర్యం!

తర్వాత రైల్వే గార్డు యేసుపాదం భార్య రత్నం వచ్చింది. ప్రార్థన చేసి, గూడ్సు బళ్ళు ఆగే సైడింగు పక్కన భర్త ఏరిన ఇనుపరాయి చేతిలో పెట్టింది.

"రక్తం పోతోంది కదమ్మా. ఐరన్ మాత్రలెందుకు? మా నాయనమ్మ ఇనుము కాల్చి మజ్జిగలో ముంచేది. ఇక్కడ కొండకి కొండే ఇనుమాయె!"

నాయనమ్మ కాల్చింది గరిట. రత్నం ఇచ్చింది ఖనిజం. స్టవ్వు మీద కాల్చిన రాయి మజ్జిగలో పడి ఠప్పున పగిలింది. మజ్జిగ ఇటుకరంగుకి తిరిగింది.

చిన్నారావు గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు. "హైగ్రేడే! జపాన్‌కి పంపే సరుకు. తాగీ, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ."

"ముందు మీరు తాగండి."

"నాకేటయింది?"

"మరి విశాఖ తీసుకెళ్ళండి."

"విశాఖెల్తే కోసేత్తారు. ఇదైతే నేచురల్. సైడ్ ఎఫెక్ట్ ఉండదు."

నిజమే కదా! ఎఫెక్ట్ అంటూ ఉంటే గదా, పక్కన ఇంకోటి ఉండడానికి!

ఇదే చిన్నారావు, బేరింగు కిర్రుమంటే బెల్టు ఆపించి విప్పి చూస్తాడు. ఇందులో తప్పేముంది? బేరింగుకి నోరు లేదు. రామతులసికి ఉంది. ఓర్చుకుంటానని చెప్పగలదు.

ఆదివారం దేవుడమ్మ, రత్నం కలిసి వచ్చారు. ఈసారి కషాయం. రామతులసి గోడ పట్టుకుని లేచింది.

"వొదినా, ఈ మెంతినీళ్ళ సంగతి నీకెలా తెలుసు?"

"నేను తాగుతాను కదే, నెలనెలా."

"ఎప్పట్నించి?"

"పెద్దమనిషైన కాడ్నించి."

"తగ్గిందా?"

దేవుడమ్మ రత్నం వైపు చూసింది. రత్నం కషాయం గిన్నె కింద పెట్టింది.

"నాకూ తగ్గలేదమ్మా" అంది.

"మరి నాకెందుకు చెప్పారు?"

"మాకెలాగూ తగ్గలేదు. నీకైనా తగ్గుతాదేమోనని" అంది దేవుడమ్మ.

ఆమె కషాయం గిన్నెకి మూత పెట్టింది. "డాక్టరమ్మ చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్పు, రెండోది" అంది దేవుడమ్మ.

మర్నాడు విశాఖ రైల్లో ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అక్క ముందు "కోసేత్తారు" అనలేకపోయిన చిన్నారావు, పక్కన యేసుపాదం ప్లాట్‌ఫారం మీంచి చేతులూపారు.

ఆ వారం టౌన్‌షిప్‌లో కడుపునొప్పికి వైద్యం దొరకలేదు. వైద్యులందరూ డాక్టరు దగ్గరకు వెళ్ళారు.