అలుగును కాపాడిన బొమ్మలు

ఒక పెద్ద అడవిలో ఏడు పుట్టలూ, ఒకే ఒక్క అలుగూ మిగిలాయి. అలుగంటే తెలుసుగా, ఒళ్లంతా పెంకులు కప్పుకుని, పుట్టలు తవ్వి చెదలు తిని బతికే ప్రాణి. ఈ అలుగు పేరు గవరమ్మ. ఒకరి జోలికి పోదు. ఎవరైనా పలకరిస్తే సిగ్గుపడి ఉండ చుట్టుకుంటుంది.

గవరమ్మను ఎలాగైనా కాపాడాలని అడవి సభ తీర్మానించింది. తీర్మానం అయ్యాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అలాంటప్పుడు లేచి నిలబడేది నక్క పరాంకుశమే.

“గవరమ్మ బొమ్మలు గీయిద్దాం. ఇంటింటి గోడకీ ఒకటి. బొమ్మకో బుట్టెడు నేరేడుపళ్లు. ఆ పళ్లతో అలుగును కాపాడదాం” అన్నాడు.

“అలుగు నేరేడుపళ్లు తినదు కదండీ” అంది వెనకనుంచి తాబేలు.

“తినేది అలుగు కాదమ్మా, సంఘం” అన్నాడు నక్క, ఎంతో ఓపిగ్గా.

సంఘం పుట్టింది. నక్క కార్యదర్శి అయ్యాడు. ఒంటిమీదే కుంచెలు మొలిచి ఉన్నాయి గనక ఏదుపంది చిత్రకారుడయ్యాడు. రంగుకి పుట్టమన్నంత ఎరుపు ఇంకెక్కడా రాదని అతను తేల్చాడు. మొదటి పుట్ట ఆ రోజే తవ్వేశారు.

గవరమ్మను రాయి మీద కూర్చోబెట్టారు. ఉండ చుట్టుకుంది.

“మొహం చూపించు పిన్నీ” అన్నాడు ఏదుపంది.

“సిగ్గేస్తోంది నాయనా” అంది గవరమ్మ లోపల్నుంచి.

ఉన్నది ఉన్నట్టే గీశాడు. కొనడానికొచ్చిన కుందేలు సుందరాంబ పెదవి విరిచింది. “ఇదేంటయ్యా, పనసకాయలా ఉంది. మా బొరియలో గడ్డి పరిచాం. దానికి నప్పేలా పచ్చ అలుగు లేదూ? కాస్త నవ్వు మొహంతో?”

గిరాకీ మాట కాదనగలడా? లేడి కళ్లు పెట్టాడు, నవ్వు పెట్టాడు, పుట్టమన్ను మీద ఆకుపసరు పూశాడు. ప్రతి బొమ్మ వెనకా ‘ఇది కొన్నవారు ఒక అలుగును కాపాడారు’ అని రాశాడు. అడవంతా ఎగబడింది.

“మేం మూడు అలుగుల్ని కాపాడాం” అని చెప్పుకుంది సుందరాంబ.

“మేం తొమ్మిదింటిని” అంది పక్కింటి జింక.

అడవిలో ఉన్నది ఒకటే. దానికి ఆ వారం సరిగ్గా తిండి లేదు.

ఆరు పుట్టలు రంగయిపోయాయి. ఏడోదాని చుట్టూ గిరి గీసి ఉండడం చూసి, గవరమ్మ సిగ్గు పక్కనపెట్టి సంఘం గుహకి వెళ్లింది. నక్క ఆమెనీ గోడమీది బొమ్మనీ మార్చి మార్చి చూశాడు.

“ఎవరమ్మా నువ్వు?”

“గవరమ్మని బాబూ.”

“గవరమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందే.”

“కడుపు నిండితే నవ్వుతానేమో. ఆ ఒక్క పుట్టా వదిలెయ్యండి. అదీ పోతే నేను బతకను.”

“ఎలా వదలమంటావ్? అది నీ నిలువెత్తు బొమ్మకని ఉంచాం. ఇంత కష్టం ఎవరికోసం పడుతున్నామనుకున్నావ్?”

గవరమ్మ వెనుదిరిగింది. ఆ సాయంత్రమే కొండ దాటి పక్క అడవికి వెళ్లిపోయింది. ఆమె లేదని ఎవరూ గమనించలేదు. ఏ గోడ చూసినా ఆమే కదా.

పుట్టలు పోయిన చెదలు ఊరుకుంటాయా? తినేవాళ్లూ లేకపోయె. పిల్లాజెల్లాతో ఇళ్లలోకి దిగాయి. బెరడు మీద గీసిన బొమ్మలతో మొదలుపెట్టి, సుందరాంబ గడ్డిపరుపు మీదుగా, సంఘం గుహ తలుపుదాకా వచ్చాయి.

నెల తిరిగేసరికి నక్కా ఏదుపందీ ఒగరుస్తూ పక్క అడవికొచ్చారు. అక్కడ ఓ ముసలి ప్రాణి పుట్ట తవ్వుకుంటూ, నాలుక చాచి చెదలు తింటోంది.

“అమ్మా, ఈ చుట్టుపక్కల అలుగనే జంతువు ఉందా?” అన్నాడు నక్క.

“ఎలా ఉంటుంది బాబూ?”

“పచ్చగా ఉంటుంది. ఇంతింత కళ్లు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది.”

గవరమ్మ నాలుక లోపలికి తీసుకుని, నిజాయితీగా ఆలోచించింది.

“అలాంటిదాన్ని నేనెప్పుడూ చూడలేదు బాబూ” అని మళ్లీ పుట్టలోకి తల దూర్చింది.

నీతి: ఎవరినైనా ఊరు దాటించాలంటే తరమక్కర్లేదు, వాళ్ల బొమ్మ గోడకి తగిలిస్తే చాలు.